మంచం చల్లారని ఇల్లు

ఉదయం ఆరు. మబ్బు పట్టి ఉంది. చినుకు లేదు.

ఆమె టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ ఇంట్లో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఆ గుమ్మంలోనే. భర్త రాత్రంతా పాల ట్యాంకరు నడిపి వస్తాడు. కూతురు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. కొడుకుది ఐసు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. వాళ్లు చెప్పులు విప్పే వేళకి ఆమె చెప్పులు వేసుకుంటుంది. లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో ఆమెది పగటి పని.

"టీ ఫ్లాస్కులో ఉంది" అంటుంది ఆమె.

"ఊఁ" అంటాడు ఆయన.

ఏళ్ల తరబడి ఆ కాపురం ఈ రెండు మాటల మీదే సాగుతోంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆమె ఉన్నప్పుడు మాత్రం ఎవరూ ఉండరు.

మంచం సంగతీ అంతే. పొద్దున ఆమె లేచిన పల్లంలోనే ఆయన వచ్చి పడుకుంటాడు. సాయంత్రం ఆయన లేచిన వెచ్చదనంలో ఆమె నడుం వాలుస్తుంది. ఆ మంచం చల్లారిన రోజు లేదు. ఇద్దరూ కలిసి దాని మీద పడుకుని ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

"మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఆ మంచమేనే" అంటుంది పొడుగక్క.

లాండ్రీలో దుప్పటికి రెండో కొస పట్టుకునేది పొడుగక్క. దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. దులిపి, లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఆమెకి ఏదో అయిందని మొదట కనిపెట్టింది కూడా పొడుగక్కే. ఒకరోజు ఆమె కొస పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే గురక పెట్టింది.

"నా వైపు రమ్మంటే కలలోకి పోతావేంటే?"

నవ్వుకున్నారు. తర్వాత నవ్వలేదు. ఇస్త్రీ ప్రెస్సు దగ్గర ఆమె కునుకు తీస్తే రెండు దుప్పట్లు మాడాయి. ఆ ప్రెస్సు పై పలక మనిషి నిలువంత పొడుగు. పెడలు తొక్కితే నిప్పులా కాలుతూ కిందికి దిగుతుంది. కింద బట్టుందో చెయ్యుందో దానికి తెలీదు. "ఇంకొకటి మాడిందా, ఇంటికే" అన్నాడు సూపర్‌వైజరు. పొడుగక్క మాత్రం దుప్పటి గురించి మాట్లాడలేదు. ఆమె వేళ్లు పట్టుకుని చూసి వదిలేసింది.

క్లినిక్కులో ఒక రాత్రి ఒంటినిండా తీగలు అంటించి పడుకోబెట్టారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందట. ఊపిరి ఆగుతోందట. పాపం, చచ్చిపోకుండా ఒళ్లు తనని తనే తట్టి లేపుకుంటోందట. ముక్కు మీద పెట్టుకోవడానికి మాస్కు ఇచ్చారు. దానికో పొడుగాటి పైపు. మంచం పక్కన పెట్టుకోవడానికి చిన్న మిషను. అది రాత్రంతా గాలి తోస్తూ గొంతు తెరిచి ఉంచుతుంది.

మొదటి రాత్రి మాస్కు పెట్టుకోగానే డీజిలు వాసన వచ్చింది. దాని వెనకే వేడెక్కిన రబ్బరు, కాస్త సిగరెట్టు. ఆయన క్యాబిన్లో గాలి అది. కాసేపటికి స్పిరిటూ ఫినాయిలూ. కూతురి వార్డు. ఆ తర్వాత ముక్కు లోపలంతా జివ్వుమనే చలి. కొడుకు ఐసు దిమ్మలు జరుపుతున్నాడు.

ఆమె కళ్లు మూసుకునే అందరినీ చూసింది.

పొద్దున గుమ్మంలో చెప్పింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"అయితే ఇక సిగరెట్టుకి బండి దిగాలన్నమాట" అన్నాడు ఆయన.

"అమ్మా, మా వార్డులో ఎవరైనా వాంతి చేసుకుంటే నువ్వు కాసేపు మాస్కు తీసెయ్" అంది కూతురు.

"నాకసలు చాటూ మాటూ లేదా ఈ ఇంట్లో?" అని కొడుకు అలిగి, తన వంతు రొట్టెతోపాటు చెల్లెలి రొట్టె కూడా తినేసి పడుకున్నాడు.

క్లినిక్కులో మిషన్లు చూసే మనిషిని అడిగింది. అతను పైపు ఎత్తి చూసి దించాడు. "కొన్ని పైపులంతేనమ్మా. ఇంట్లోవాళ్లంతా బయట ఉంటే అవి వెతుక్కుంటూ పోతాయి. వాసన ఇబ్బందా?"

"వాసన ఇబ్బంది కాదు. మెలకువ ఇబ్బంది."

రాత్రి పడుకుంటే పది మంది తట్టి లేపినట్టు లేస్తోంది. మాస్కు సరిగ్గానే ఉంటుంది. గొంతు తెరుచుకునే ఉంటుంది. అయినా ఉన్నట్టుండి పైపులో గాలి ఆగుతుంది. గుండె దడదడలాడుతుంది. ఉలిక్కిపడి లేచి ఉఫ్‌మని గట్టిగా ఊదుతుంది. మళ్లీ గాలి కదులుతుంది. ఎప్పుడూ ముందుగా వచ్చేది డీజిలు వాసనే.

ఆ తర్వాత నిద్ర రాదు. మిషను సన్నగా బుసకొడుతుంటుంది. పక్క గదిలో పిల్లల మంచాలు దుప్పటి నలగకుండా ఉంటాయి. వంటింట్లో కుళాయి ఒక చుక్క రాల్చి, ఇంకో చుక్క కోసం ఆలోచిస్తుంటుంది. పలకరించడానికి గోడలు తప్ప ఎవరూ లేరు. ఆమెకి గోడలతో మాట్లాడే అలవాటు లేదు.

"బయటి గాలి రాకుండా మందపాటి ఫిల్టరు వేస్తా. ఇక మీ గదిలో గాలే మీకొస్తుంది. హాయిగా పడుకోండి" అన్నాడు మిషన్ల మనిషి.

వేశాడు. ఆమె పడుకుంది. తెల్లారేదాకా కదల్లేదు. మర్నాడూ అంతే.

"ముఖం తోమిన గిన్నెలా ఉందే!" అంది పొడుగక్క. దుప్పట్లు చకచకా మడతపడ్డాయి. ప్రెస్సు దగ్గర ఒక్క కునుకు లేదు. సూపర్‌వైజరు కూడా ఆమెని తిట్టడానికేమీ దొరక్క గోడ గడియారాన్ని తిట్టాడు.

నిద్రకేం లోటు లేదు. కానీ ఆ గాలికి ఏ వాసనా లేదు. తను వదిలిందే తిరిగి తనకొస్తోంది. పడుకునే ముందు ఒకసారి గట్టిగా పీల్చి చూసేది. ఎవరూ లేరు. దీపం ఆర్పి అటు తిరిగేది.

ఆ వారంలోనే ఒక పొద్దున ట్యాంకరు కుడి అద్దం లేకుండా వచ్చింది. ఆ పక్కన రేకు కూడా చీరుకుపోయింది.

"ఏమైంది?"

"స్తంభం అడ్డొచ్చింది."

"నడిచొచ్చిందా?"

ఆయన నవ్వలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. టీ గ్లాసు అందిస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రెప్ప వాలిందే. ఇదివరకూ వాలేది. కానీ వాలగానే ఎవరో మెడ మీద ఉఫ్‌మని ఊదినట్టుండేది. టక్కున లేచేవాణ్ణి. ఈ మధ్య ఊదడం లేదు."

ఆమె గోడ పట్టుకుంది. ఎవరికోసం లేస్తూ వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆగేది తన ఊపిరి కాదు. ఆయనది.

పనికి పోయే ముందు గదిలోకి వెళ్లి ఫిల్టరు పీకి చెత్తబుట్టలో పడేసింది.

ఆ రాత్రి నుంచి మళ్లీ మొదలు. గాలి ఆగడం, లేవడం, ఊదడం. ఊదాక డీజిలు వాసన వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం.

"ఇవాళ నయం. మళ్లీ ఎవరో ఊదుతున్నారు" అన్నాడు ఆయన పొద్దున.

"టీ ఫ్లాస్కులో ఉంది" అంది ఆమె.

నాలుగు రోజులు ఆగి అడిగింది. "మీరూ ఒకసారి ఆ తీగల పరీక్ష చేయించుకోండి."

"నాకెందుకు? గురక మగాడన్నాక ఉంటుంది."

"ఊపిరి ఆగడం ఉండదు."

ఆయన గొంతు తగ్గించాడు. "నాకా జబ్బుందని కాగితం మీద పడిందా, రేపు స్టీరింగు ముట్టనివ్వరు. ఈ వయసులో నాకు ఇంకేం వచ్చు? ఆ మాట ఎత్తకు."

ఎత్తలేదు. ఆమెకి మాటలు పొదుపు. "పగలు మిషను ఖాళీగానే ఉంటుంది. మీరు పెట్టుకుని పడుకోండి" అంది. మంచం ఒకటే, దిండు ఒకటే, ఇక మాస్కు ఒకటైతే ఏం పోయింది? వాళ్లింట్లో వస్తువులకి ఎప్పుడూ రెండు షిఫ్టులే.

"తొండం తగిలించుకుని పడుకోమంటావ్" అని గొణిగాడు. కానీ పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. ఆమె ప్రెస్సు మీద దుప్పటి పరిచింది. ఎడమ చేత్తో ముడత సర్దుతోంది. కాలు పెడలు మీద ఉంది. చప్పుళ్లన్నీ దూరంగా జరిగిపోయాయి. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలీదు. కాలు బరువెక్కింది. పలక దిగుతోంది.

ఎవరో మెడ మీద ఉఫ్‌మని ఊదారు.

సిగరెట్టు, తలనూనె, తన దిండు వాసన. ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. పలక ఒట్టి బట్ట మీద ధడేల్‌మని మూసుకుంది.

పొడుగక్క చేతిలో బుట్ట అక్కడే వదిలేసి వచ్చింది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. అప్పుడు తిట్టింది. చాలాసేపు తిట్టింది. తిడుతూ తిడుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ తిట్లు ఇంకా పూర్తికాకముందే ఆయన వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. కాళ్లకి కొడుకు చెప్పులున్నాయి. మాస్కు పట్టీల గుర్తులు బుగ్గల మీద ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన లాండ్రీ లోపలికి రావడం అదే మొదలు.

"చెయ్యి చూపించు."

చూపించింది.

"రెండోది."

అదీ చూపించింది. ఆయన అప్పుడు ఊపిరి వదిలాడు.

"పొద్దుట్నుంచీ లేపుతూనే ఉన్నావు. కన్ను మూస్తే చాలు, గాలి ఆగుతోంది. ఇందాక ఎంత ఊదినా కదల్లేదు. నా ప్రాణం పోయిందనుకో. రాత్రిళ్లు నన్ను లేపేది నువ్వే కదూ?"

"ఎవరో ఒకరు లేపాలి కదా."

"నువ్వు పడుకునేదెప్పుడు మరి?"

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"గంజి, సోడా, ఆవిరి. పొద్దుట్నుంచీ అదే గాలి. ఆ గాలిలో ఒక్క మాట లేదు. నువ్విక్కడ ఎవరితోనూ మాట్లాడవా?" అన్నాడు ఆయన.

"ఎందుకు మాట్లాడదు? 'పట్టుకో' అంటుంది. 'వదులు' అంటుంది. పండగొస్తే 'గట్టిగా లాగు' కూడా అంటుంది" అంది పొడుగక్క.

ఆయన దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలీక. ఆమె రెండో కొస పట్టుకుంది. వంకరగా మడిచారు. పొడుగక్క ఏమీ అనకుండా తర్వాత విప్పి మళ్లీ మడిచింది.

సాయంత్రం ఇద్దరూ మిషను పట్టుకుని క్లినిక్కుకి వెళ్లారు. మిషన్ల మనిషి మిషనులో ఎక్కిన లెక్కలు చూసి బుర్ర గోక్కున్నాడు. "అమ్మా, నిన్న రాత్రీ ఇవాళ పగలూ నిద్రలోనే ఉన్నారా?" మళ్లీ చూశాడు. "ఇందులో రెండు ఊపిరులున్నాయి. పగటిది మీది కాదు. మీకంటే ఘోరంగా ఆగుతోంది. ఎవరిది?"

ఆమె ఆ మాట ఆయనకే వదిలింది. చెప్పాల్సింది తను కాదు.

"నాది" అన్నాడు ఆయన.

"ఏం చేస్తుంటారు?"

ఆయన గోడ వంక చూశాడు. ఆమె చేతుల వంక చూశాడు. పది వేళ్లూ ఉన్నాయి.

"ట్యాంకరు. రాత్రిళ్లు."

మిషన్ల మనిషి కలం పక్కన పెట్టేశాడు. "అది రాస్తే మీకు..."

"తెలుసు. రాయండి."

పాల కంపెనీ వాళ్లు తాళాలు తీసుకున్నారు. చాలా కాలం నమ్మకంగా చేశాడని యార్డులో పగటి పని ఇచ్చారు. ఖాళీ ట్యాంకర్లు కడిగించడం. కొన్నాళ్లు ఆయన కుర్చీలో కూర్చున్నా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉండేది. కాపురంలో ఆ 'ఊఁ' కూడా కరువైంది. ఆమె వేధించలేదు.

ఆయనకి వేరే మిషను వచ్చిన రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు. ఇద్దరికీ ఇరుకైంది. ఎవరి పల్లం ఎవరిదో తేల్లేదు. పైపులు చిక్కుపడ్డాయి. చీకట్లో విప్పుకుంటుంటే ఆయన మాస్కు పక్కకి జరిపి అన్నాడు.

"ఏమే, నీ గాలి రావడం లేదు నాకు."

"పక్కనే ఉన్నాగా."

"ఓహో" అని మాస్కు సర్దుకున్నాడు. "పిల్లదాని వార్డులో ఎవరో నారింజ ఒలుస్తున్నారు."

"నాకూ వస్తోంది."

ఇంకేదో అనబోయి నిద్రపోయాడు. ఆమె ఊదడానికి సిద్ధంగా చాలాసేపు వింది. గాలి ఎక్కడా ఆగలేదు. వినడంలోనే ఆమెకీ కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి తెల్లవారుతోంది. బయట వాన. ఎవరూ లేపలేదు, తనే లేచింది. మాస్కులోకి ఏ వాసనా రావడం లేదు. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. అప్పుడు వంటింట్లో గ్లాసు చప్పుడు. కూతురు. తడి బూట్లు ఈడుస్తూ, "నా తువ్వాలెక్కడ? మళ్లీ నువ్వే తీశావా?" అని చెల్లెలి మీద విసుక్కుంటూ కొడుకు. పక్కన నోరు తెరుచుకుని, ఆగకుండా ఊపిరి తీస్తూ ఆయన.

కూతురు, కొడుకు, ఆయన. ముగ్గురు.

లెక్క ఎక్కడో తక్కువ పడ్డట్టనిపించింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ఈసారి తనని కూడా కలుపుకుంది.

నలుగురు.