ఆరో పాట

ఉల్లిగడ్డలు కోస్తుంటే హాల్లోంచి మా ఆయన అనిల్ అడిగాడు. "నిహారికా, ఆరో పాట తీసేస్తున్న. ఏమంటవ్?"

కారులో వినడానికి పెన్‌డ్రైవ్‌లోకి 'మేడమీది గాలి' ఎక్కిస్తున్నాడు. ఎనిమిది పాటల ఆ ఆల్బమ్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. మూడేళ్లుగా కిష్టారెడ్డిపేటలోని మా ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం అదే మోగుతుంది. ఆరోది ఒక్కటే చప్పిడి పాట. పాడేవాడు ఒకే మాటను సాగదీస్తూ ఉంటాడు.

"ఉండనియ్," అన్నాను.

"ఏముంది దాంట్ల? మంచి ఆల్బమ్‌ను ఖరాబ్ చేస్తది."

"గా పాటొస్తే నాకు నిద్రొస్తది," అంది మా అత్తమ్మ సత్తెమ్మ.

అది మంచి పాట కాదని నాకూ తెలుసు. వారమంతా పటాన్‌చెరులో మాత్రల కంపెనీ ప్యాకింగ్ లైన్లో నిలబడతాను. ఆదివారం ఇంట్లో నిలబడతాను. మొదటి పాటకు టీ, రెండో పాటకు కూరగాయలు. మూడో పాటలో వేణువు ఉందట. అప్పటికి కుక్కర్ కూస్తుంటుంది, వేణువు సంగతి అనిల్ చెబితే తెలిసింది. "వంటింట్లున్నా వినబడ్తది గద," అంటాడు. ఆరో పాట రాగానే ఆయన ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోతాడు. అత్తమ్మ స్నానానికి లేస్తుంది. ఫ్యాన్ కింది సోఫా ఖాళీ అవుతుంది. నాలుగున్నర నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చుంటాను. ఎవరూ ఏమీ అడగరు.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి ఇదంతా చెప్పేశాను.

అనిల్ చెడ్డ మనిషి కాదు. షిఫ్ట్ దిగి వస్తూ నాకోసం జామకాయలు తెస్తాడు, ఉప్పుకారం పొట్లం ఒక్కనాడూ మరవడు. "అయితే దాన్ని రెండుసార్లు ఎక్కిస్త. తొమ్మిది నిమిషాలు కూసో," అన్నాడు. ఎగతాళి కాదు, ప్రేమతోనే.

అత్తమ్మ నవ్వింది. "పిస్సోడా, ఆమెకు కావాల్సింది పాట గాదురా." అంటూ జరిగి, ఫ్యాన్ కింద నాకు చోటిచ్చింది.

కూర్చున్నాను.

"ఆరో పాట తీసెయ్ అనిల్. మొదటిది పెట్టి వంటింట్లకు పో. పచ్చిపులుసుకు చింతపండు నానబెట్టిన, పిసుకు," అన్నాను.

ఆయన నన్ను, వాళ్లమ్మను మార్చి మార్చి చూసి, పాట పెట్టి లేచాడు.

మొదటి పాటలో గొంతు ఎత్తేముందు పాడేవాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఉంది. మూడేళ్లకు ఇవాళ విన్నాను.