ఎవరు పెట్టిండ్రు?

అనసూర్య ఒక్క మాట తప్పుగా అడిగింది. ఆ మాటకు సారవ్వ పళ్లు రాలిపోయాయి.

తిండి పాడై ఎక్కడ ఎంతమంది మంచాన పడుతున్నారో మన దగ్గర సరైన లెక్కే లేదు. మనిషి చచ్చినా "వాంతులు, బేదులు" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ లెక్క తీయడానికి ఒక సంస్థ ఊరూరా మనుషుల్ని తిప్పుతోంది. శ్రీరాంపూర్ బొగ్గు కార్మికుడి కూతురు అనసూర్య వాళ్లలో ఒకతె. మే నెల మిట్టమధ్యాహ్నం, భుజాన ఐసు డబ్బాతో గోదావరిఖనిలో లింగమూర్తి ఇంటికి వచ్చింది.

లింగమూర్తిదీ బొగ్గుగని పనే. కొత్తగా కంపెనీ క్వార్టరు వచ్చిందని మొన్న విందు చేశాడు. తిన్నవాళ్లలో పదకొండు మంది దవాఖాన పాలయ్యారు. అతని తల్లి పూలమ్మ నిన్న పోయింది. వాకిట్లో కడగని గంగాళం అలాగే ఉంది.

అనసూర్య చేతులకు తొడుగులు వేసుకుని, గంగాళం అడుగున అంటుకున్న బగార అన్నాన్ని చిన్న సంచిలోకి గీకి ఐసులో దాచింది. పలకరింపుకు వచ్చిన జనం కళ్లప్పగించి చూశారు. తర్వాత ఆమె కాగితం తీసింది. మొదటి ప్రశ్న, "ఆహారాన్ని వడ్డించిన వారెవరు?" ఈ పంతులు భాష ఎవరికి కావాలని, దాన్ని మనవాళ్ల మాటలోకి తిప్పింది.

"ఎవరు పెట్టిండ్రు కాకా?"

గుంపు ఒక అడుగు ముందుకు జరిగింది. ఆ చుట్టుపక్కల 'పెట్టడం' అంటే అన్నం పెట్టడం ఒకటే కాదు, చేతబడి చేసి అన్నంలో మందు పెట్టడం కూడా. మందు పెట్టేవాళ్లకు మంత్రం వచ్చనీ, పళ్లు ఊడగొడితే ఆ మంత్రం నోట పలకదనీ నమ్మకం. అనసూర్య ఇవన్నీ వింటూ పెరిగిన పిల్లే, అయినా నాలుక జారింది.

"సారవ్వ పెట్టింది," అన్నాడు లింగమూర్తి మెల్లగా.

విందులకు వండిపెట్టే ఆ ఒంటరి ముసలామె గడప పక్కనే కూర్చుని, పూలమ్మ కోసం ఏడుస్తోంది.

"నన్ను కన్న అవ్వను మింగి, మల్ల ఏడుస్తున్నవా!" అంటూ లింగమూర్తి ఆమె జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. ఇద్దరు ఆమె చేతులు తొక్కిపట్టారు. లింగమూర్తి గుప్పెడు రాయి తీసుకుని మూతి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నెత్తురు, పళ్లు కలిసి దుమ్ములో పడ్డాయి. ఆపిన వాడు లేడు, పైగా "ఇంకోటి" అన్నవాళ్లున్నారు. థూ, ఏం మనుషులు!

"నేనడిగింది గది కాదు!" అని అనసూర్య ముసలామెకు అడ్డంగా పడింది. మూడో దెబ్బ అనసూర్య భుజాన తగిలి ఎముక కలుక్కుమంది. నొప్పితో, అంతకు మించిన సిగ్గుతో కాగితంలోని రెండో ప్రశ్నను కేకలా అడిగింది.

"ఎప్పుడు వండిండ్రు? ఎప్పుడు తిన్నరు?"

"పొద్దుగాల నాలుగింటికి వండింది. నాది ఫస్ట్ షిఫ్టు. డ్యూటీకి పోకముందే వండుమన్న. నేనొచ్చేదాక ఎవ్వరు ముట్టద్దన్న. మూడింటికి డ్యూటీ దిగినంక అందరం తిన్నం. అయితే ఏంది?" అన్నాడు లింగమూర్తి, రాయి దించకుండానే.

"పదకొండు గంటలు! గీ ఎండల, మూతేసి! కాకా, వేడన్నం మూత కింద గంతసేపుంటే పురుగు పుడ్తది. కంటికి కనవడదు. మల్ల కాగవెట్టినా దాని విషం పోదు. పరీక్షల తేలాలె గని, నాకైతే గదే అనిపిస్తున్నది."

రాయి పట్టిన చెయ్యి గాలిలోనే ఆగింది. దవాఖాన నుంచి అప్పుడే వచ్చిన అతని భార్య రమ, సూది గుచ్చిన చేతికి ఇంకా అంటుకున్న దూదితో గుమ్మం పట్టుకుని అంది:

"సారవ్వ చెప్పనే చెప్పింది. చాప మీద ఆరబోద్దం, లేకుంటే పాసిపోతదని. ఈగలు వాల్తయని తిట్టి నువ్వే మూత పెట్టించినవ్. మూత ఎవలు పెట్టించిండ్రో గది గూడ రాయి చెల్లె."

లింగమూర్తి తన చేతిలోని రాయిని చూసుకున్నాడు. ఆమె చేతులు తొక్కిపట్టిన ఇద్దరూ ఎప్పుడు జారుకున్నారో జారుకున్నారు.

అనసూర్య ముసలామె తలను ఒళ్లోకి తీసుకుంది. తన నాలుకను తానే కోసుకోవాలనిపించింది. రమ పరుగున లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, సారవ్వ నోటికి అందించింది.

సారవ్వ చెంబులోకి తొంగి చూసి, దాన్ని రమ వైపే నెట్టింది. నెత్తురు మింగుతూ, తొర్రి నోటితో అంది:

"మొదలు నువ్వు తాగు బిడ్డా."