పిడికిలి బిగించిన గ్లౌజులు

ఇంచియోన్‌ రేవుపట్నంలోని ఇనుప పని షెడ్ల సందులో పొద్దున్నే అందరికంటే ముందు తెరుచుకునేది ప్యో ముసలాయన గ్లౌజుల కొట్టు. ఆయన షట్టరు ఎత్తి, కొట్టు ముందున్న తీగకి జతలన్నీ క్లిప్పులు పెట్టి తగిలిస్తాడు. పనివాళ్లు వచ్చి ఆ తీగ ముందు నిలబడతారు. ఎవరి పనికి ఏది తగినదో ఆ జత చేయి చాస్తుంది. వెల్డింగు వాళ్లకి మందపాటి తోలువి, యాసిడ్ తొట్ల దగ్గర పనిచేసేవాళ్లకి మోచేతిదాకా వచ్చే రబ్బరువి. చాచిన చేతిని అందుకుని, డబ్బులిచ్చి, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇందులో వింతేముందో ఆ సందులో ఎవరికీ తోచదు. బేరం తొందరగా తెగుతుంది, అంతే.

ఆ చలికాలం ఒకనాటి పొద్దున ఓక్‌బున్ కూడా వచ్చి నిలబడింది. ఎముకల సూపు హోటల్లో ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన మనిషి. హోటలు మూతపడ్డాక కాళ్లరిగేలా తిరిగితే చివరికి క్వాక్ అనే ఓనరు షెడ్డులో డ్రిల్లింగు మిషను మీద పని దొరికింది. యాభై దాటిన ఆడమనిషికి కొత్త పని నేర్పేవాళ్లు ఎవరుంటారు? ఇది చేజారితే ఇంకోటి లేదని ఆమెకి బాగా తెలుసు.

పాత వాసన పట్టిందో ఏమో, వంటింటి రబ్బరు జత ఒకటి ఆమె వైపు చేయి చాచింది.

"ఇప్పుడు గిన్నెలు కాదమ్మా, డ్రిల్లింగు పని," అంది ఓక్‌బున్ దానితోనే.

అంతే, తీగ మీదున్న గ్లౌజులన్నీ పిడికిళ్లు బిగించేశాయి.

"ఏం బాబాయ్, నా మొహం నచ్చలేదా వీటికి?"

"నీ మొహానికేం, బంగారంలా ఉంది. తిరిగే మిషను దగ్గర చేతికి ఏ తొడుగూ ఉండకూడదమ్మా. ఒక్క దారప్పోగు చుట్టుకుంటే చాలు, చేతిని లాక్కుపోతుంది. రేకులు మోసేటప్పుడు చెయ్యి కోసుకోకుండా తెగని దారంతో నేసినవి వేసుకో. మిషను ముట్టుకునే ముందు తీసెయ్."

"ఈ చలికి ఇనుము పట్టుకుని చచ్చిపోనూ?"

"చలికి వణుకుతావు. వేళ్లయితే ఊడవు కదా!"

ఓక్‌బున్ నవ్వేసి వెళ్లింది గానీ, షెడ్డులో ఆమె కోసం వేరే జత సిద్ధంగా ఉంది. ఆ సందులో అదొక ఆనవాయితీ. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు ఓనరే ఎర్ర అరచేతుల నూలు గ్లౌజులు స్వయంగా తొడుగుతాడు. వద్దంటే ఓనరుని వద్దన్నట్టే. క్వాక్ అయితే మరీను. ఆయన అన్నం తినేటప్పుడు కూడా గ్లౌజులు తియ్యడు. తల్లి కడుపులోంచే వేసుకుని పుట్టాడని పనివాళ్లు చాటున నవ్వుకుంటారు.

"ఇదిగో చెల్లెమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు మా మనిషివి," అంటూ ఆయన తొడుగుతుంటే ఓక్‌బున్‌కి ప్యో మాటలు గుర్తొచ్చాయి. నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. మొదటిరోజే ఓనరుకి ఎదురు చెబితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది మరి.

మిషను తిరగడం మొదలైంది. ఎడంచేతి గ్లౌజు జారసాగింది. ఆమె పైకి లాక్కుంది. అది మళ్లీ జారింది. ఒక్కో వేలినీ నెమ్మదిగా వదిలించుకుంటూ వెనక్కి పోతోంది.

"ఏంటి చెల్లెమ్మా, గ్లౌజులతో కుస్తీ పడుతున్నావా?" అన్నాడు క్వాక్.

"కొత్తవి కదండీ, మాట వినట్లేదు," అంది. ఆమెకి భయంగానే ఉంది. ఆ భయం మిషనంటే కాదు, ఓనరంటే.

మధ్యాహ్నం రేకుని జరపబోతుంటే గ్లౌజు సగందాకా జారి, ఖాళీ వేళ్లు ముందుకి వేలాడాయి. డ్రిల్లు ఆ ఖాళీ వేళ్లనే పట్టుకుంది. కన్నుమూసి తెరిచేలోగా గ్లౌజు మొత్తం చేతిలోంచి ఊడిపోయి కడ్డీకి తాడులా చుట్టుకుపోయింది. క్వాక్ పరుగున వచ్చి మిషను ఆపాడు. ఓక్‌బున్ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. గీత కూడా పడలేదు.

"క్షమించండి ఓనరుగారూ, మీరిచ్చింది పాడుచేశాను," అందామె ఏడుపు గొంతుతో. అలాంటప్పుడు కూడా ఆమెకి ఉద్యోగమే గుర్తొచ్చింది, పాపం.

క్వాక్ తన కుడిచేతి గ్లౌజు లాగేశాడు. చిటికెనవేలు ఉండాల్సిన చోట కుక్కిన దూది ఉండ ఒకటి కిందపడింది.

"ఆనాడు నాది జారలేదు చెల్లెమ్మా," అన్నాడు. "సరిగ్గా సరిపోయింది. మా ఓనరు నాకు తొడిగాడు, నేను నీకు తొడిగాను. ఈ చెయ్యి చూపించి వద్దని చెప్పాల్సినవాణ్ణి. సిగ్గుతో దాచుకుంటూ వచ్చాను."

ఆ సాయంత్రం ఆయన ఏళ్ల తర్వాత ప్యో కొట్టుకి వెళ్లాడు, గ్లౌజుల్లేని వట్టి చేతులతో. తీగ చివర తోలు జత ఒకటి చిటికెనవేలు లోపలికి మడుచుకుని ఆయన వైపు చేయి చాచింది. క్వాక్ దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ప్యో టీ తాగుతూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఓక్‌బున్ వచ్చేసరికి షెడ్డులోని పొయ్యి మూలనుంచి డ్రిల్లింగు మిషనుకి దగ్గరగా వచ్చింది. దాని మీద బార్లీ నీళ్లు మరుగుతున్నాయి. "ముందు చేతులు కాచుకో," అని క్వాక్ వేడి గ్లాసు ఆమె వట్టి చేతుల్లో పెట్టాడు. ఆ తర్వాత చేరినవాళ్లందరికీ మొదటిరోజు ఓనరు ఇచ్చింది అదే. ఓక్‌బున్ ఆ మిషను మీద చాలా ఏళ్లు పనిచేసింది. మానేసి వెళ్లిన రోజున పది వేళ్లతోనూ అందరికీ చెయ్యి ఊపింది.