నీలమ్మకు బదులు

అత్త చంద్రమ్మ అరుగు మీద కూర్చుని పెద్దకోడలు భూలక్ష్మి తలకు నూనె రాస్తుంటే, తిరగలి ముందున్న నీలమ్మకు ఒళ్లు మండింది.

రజాకార్ల గడబిడకు ముందే భూలక్ష్మికి మతి తప్పింది. దర్గాలకూ, పట్నం దవాఖానకూ తిప్పీ తిప్పీ ఆమె మొగుడు వీరేశం ఎద్దుల జతను అమ్ముకున్నాడు. నార్సింగిలో ఒకప్పటి రైతు, ఉన్న కాస్త మడి చాలక ఇప్పుడు పరాయి చేలల్లో కూలి. అయినా భూలక్ష్మిని ఎవరూ పల్లెత్తు మాట అనరు. వేడి రొట్టె ముందు ఆమెకే. వద్దని నెట్టేస్తే బతిమాలి పెడతారు. ఆమె తడిపిన చీరలు ఉతికేదీ, బావి వైపు ఉరికితే వెంట ఉరికేదీ, ఆమె వంతు మడి నాటేదీ నీలమ్మే. 'కూసొని తింటున్నవ్' అనే మాట కూడా నీలమ్మకే. పిచ్చిదాన్ని చూసి కుళ్లుకుంటున్నానా అని ఒక్కోసారి సిగ్గేసేది. ఆ సిగ్గు ఎంతోసేపు నిలిచేది కాదు. నాకే మతి పోతే నా తల ఎవరు దువ్వుతారు అనుకునేది. ఎవరూ తట్టేవారు కాదు.

ఆ పొద్దున బాచుపల్లి నుంచి అన్న రామన్న బండి కట్టుకుని వచ్చాడు. చెల్లెలికి ఏడో నెల.

"ఎట్ల పంపుత కొడుకా? పెద్దదాన్ని ఎవలు చూస్తరు? నా మోకాళ్లు లేస్తయా?" అంది చంద్రమ్మ.

"తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల కాకుంటే మంది నవ్వరా, అత్తా?"

నీలమ్మ మొగుడు ఐలయ్య అడ్డం వచ్చాడు. "జర సమజ్ చేసుకో బావా. ఈమె పోతే వదినె వెంట ఒక మనిషి ఉండాలె. వంటకు, విసురుడుకు ఇంకొకామె. పొలంల ఇంకొకామె. ముగ్గురు కైకిలోళ్లు! వాళ్లకు కూలి ఏడికెళ్లి తేవాలె?"

అన్నాక కూడా తానేమన్నాడో అతనికి తెలియలేదు. తిరగలి ఆగింది.

నీలమ్మ కుళ్లు అరుగు మీది నుంచి ఆ ముగ్గురి మీదికి మళ్లింది. ఊరూ పేరూ లేని, ఇంకా రానైనా రాని ఆ ఆడవాళ్ల మీదికి. వాళ్లు చేయి చాపి కూలి అడుగుతారు. చెంగు దులుపుకుని వెళ్లిపోతారు.

ఆమె చీరకంటిన పిండి దులుపుకుంది. నడుము పట్టుకుని లేచి బండెక్కింది.

"ఏందే, యాడికి?" అన్నాడు ఐలయ్య.

"ముగ్గురిని పిలుసుకో," అంది. "పొద్దుగూకినంక మాత్రం వాళ్లు ఉండరు."