ఐదువందల మందిలో ఒక్కరు

నవంబరులో, డెన్నీకి చెప్పకుండా, నేను హావర్డ్ గ్రీబ్ గారింటికి వెళ్ళాను. ఆయన మా ఊరి పత్రికలో నలభై ఏళ్ళుగా బేస్‌బాల్ గురించి రాస్తున్నాడు. గొప్ప ఆటగాళ్ళ పేర్లు శాశ్వతంగా నిలిపే కీర్తి మందిరంలోకి ఎవరు వెళ్ళాలో తేల్చే ఐదువందల మంది విలేకరుల్లో ఆయనొకడు. ఆట మానేసిన ఐదేళ్ళకి నా భర్త డెన్నీ పేరు వాళ్ళు ఓట్లేసే జాబితాలోకి ఎక్కింది. నూటికి ఐదు ఓట్లు రాకపోతే మరుసటి ఏడాదికల్లా పేరు తీసేస్తారు. ఇక మళ్ళీ ఎన్నటికీ రాదు.

డెన్నీ కోవాలిక్ బంతిని గోడ దాటించే రకం కాదు. పదిహేనేళ్ళలో దాటించినవి నలభై ఒకటి. ఫీల్డర్ల మధ్య జానెడు సందు కనిపిస్తే అందులోకి బంతిని తోసి, మొదటి బేస్‌కి పరుగెత్తేవాడు. అలా రెండువేల మూడువందల సార్లు. ఇప్పుడు జట్ల ఆఫీసుల్లో కూర్చున్న కుర్రాళ్ళు అలాంటి కొట్టుళ్ళకి పెద్దగా విలువ లేదని కంప్యూటర్‌తో తేల్చి చెబుతున్నారు. అది డెన్నీ కూడా చదివాడు.

"ఓటు కాగితం మీద పది పేర్లకే చోటుంది, మార్లా. తొమ్మిది నింపేశాను" అన్నాడు గ్రీబ్ గారు.

"పదోది ఇవ్వండి. గెలిపించమని అడగడంలేదు. సున్నా మాత్రం వద్దు" అన్నాను.

నాకు గుర్తున్నవన్నీ ఆయన ముందు పోశాను. ఏ ఏడాది ఎన్ని కొట్టాడు, ఎంత అరుదుగా బంతి తగలక స్ట్రైకౌట్ అయ్యాడు. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు.

జనవరిలో ఫలితాలు వచ్చిన రోజు డెన్నీ వాళ్ళన్న స్టాన్ మా వంటింట్లో కూర్చుని మాంసం కూరి చుట్టిన క్యాబేజీ ఆకులు తింటున్నాడు. డెన్నీ కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చి, "ఒకటి" అన్నాడు.

"ఒక్కటా? ఒరేయ్, అమ్మ బతికుంటే రెండయ్యేవి కదరా!" అన్నాడు స్టాన్.

"అమ్మకి ఓటు లేదురా వెధవా."

"ఉన్నా నీకు వేసేది కాదులే. నాకే వేసేది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక డెన్నీ, "అయినా ఎవరో ఒకాయన కూర్చుని, ఆలోచించి, నా పేరు పక్కన గీత పెట్టాడు. నేనెవరో తెలియకపోతే పెట్టడు కదా" అన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగాను.

ఆదివారం పత్రికలో గ్రీబ్ గారు తను ఓటేసిన పది పేర్లూ అచ్చు వేయించాడు. డెన్నీ ఆ పేజీ పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

"గ్రీబ్! ఆ మనిషి జన్మలో నా గురించి ఒక్క మంచి మాట రాయలేదు మార్లా. నన్ను 'బంతులు దొర్లించేవాడు' అనేవాడు. ఆయనే వేశాడంటే, నేను నిజంగా ఆడినట్టే. పద, వెళ్ళి థాంక్స్ చెప్పొద్దాం."

"మంచు పడుతోంది. ఫోన్ చెయ్యకూడదూ?"

"ఇలాంటిది ఫోన్లో చెప్తారా?"

అతను బూట్లు వేసుకుంటుంటే నేను మేడమీదకెళ్ళి గ్రీబ్ గారికి ఫోన్ చేశాను. "నేను అబద్ధం ఆడను. కానీ నువ్వొచ్చావని చెప్పను" అన్నాడాయన.

మేం వెళ్ళేసరికి ఆయన వాకిట్లో పారతో మంచు తీస్తున్నాడు. డెన్నీ వాకిట్లోనే నిలబడి చేతులు నలుపుకుంటూ, "సార్, ఒక్కటి అడుగుతాను. నాలో ఏం చూసి వేశారు?" అన్నాడు.

గ్రీబ్ గారు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఏడాది మొత్తంలో ఇరవై ఐదే స్ట్రైకౌట్లు. అంత తక్కువసార్లు బంతి తగలక ఔటయ్యేవాణ్ణి ఇప్పుడొకణ్ణి చూపించు."

డెన్నీ చేతులు నలపడం ఆపాడు. తర్వాత, "చాలా థాంక్సండీ" అని ఆయన చేతిలోంచి పార తీసుకున్నాడు. వాకిలంతా, వీధి దాకా, మంచు తీసి ఇచ్చాడు. నేను కారులో కూర్చుని చూస్తూ ఉన్నాను.

తిరిగొస్తుంటే, సగం దారిలో డెన్నీ అన్నాడు. "రికార్డులో ఇరవై ఒకటే ఉంటాయి."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మిగతా నాలుగు స్ట్రైకౌట్లూ మార్చిలో ఆడిన ప్రాక్టీసు మ్యాచుల్లోవి. వాటిని ఎక్కడా రాయరు. నువ్వు తప్ప ఎవరూ లెక్కపెట్టలేదు. అవి కలపకే అని నేను పోట్లాడితే, ఔటంటే ఔటే అన్నావు."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"వెళ్ళి అడిగావా?"

"అడిగాను."

"ఎందుకు?"

"నిన్ను ఎవరూ..." అని ఆగిపోయాను.

"సున్నా వస్తుందనుకున్నావు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నేను పాతికదాకా వస్తాయనుకున్నాను మార్లా. పాతిక రాకపోయినా, కనీసం పది. స్టాన్ వెక్కిరిస్తాడని బయటికి అనలేదు. నువ్వు నా ఆటలన్నీ చూశావు. ఒక్కటీ వదల్లేదు. అన్నీ చూసిన మనిషివి, నీకు సున్నా అనిపించింది."

ఆ విలేకరులకి నీ విలువ తెలియదు, నాకు తెలుసు అని చెప్పాలి. నిజానికి అదే నా మనసులో ఉన్నది. కానీ ఆ మాట ఎలా మొదలుపెట్టినా, అతనికి ఓట్లు రావని నాకు ముందే తెలుసన్న సంగతి దగ్గరికే వచ్చి ఆగుతోంది. కారు మా ఇంటి వాకిట్లోకి తిరిగింది.

లోపలికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. స్టాన్. డెన్నీ కోటు విప్పకుండానే తీశాడు.

"ఆఁ, కలిశాంరా. మంచి మనిషి. లేదు, నిజంగా. నా ఆటంతా గుర్తుంది ఆయనకి. ఎనభై తొమ్మిది కూడా."

అవతల స్టాన్ ఏదో అన్నట్టున్నాడు. డెన్నీ గట్టిగా నవ్వాడు. బూట్ల మీది మంచు కరిగి అతని కాళ్ళ చుట్టూ నీళ్ళు చేరుతున్నాయి. నేను తుడుపుగుడ్డ తెచ్చి కింద కూర్చున్నాను. అతను చోటివ్వడానికి ఒక అడుగు పక్కకి జరిగాడు, ముఖం గోడ వైపు తిప్పుకుని నవ్వుతూనే ఉన్నాడు.