ఎర్రపీలిక కట్టిన ఆనపకాయ

పెరట్లో ఈ ఏటి పంట అయిపోయింది. వంగ మొక్కలు కర్రలై నిలబడ్డాయి. చిక్కుడు పందిరి మీద ఎండుటాకులే మిగిలాయి. ఆనపపాదుకి ఒక్క కాయ ఉంచాను, విత్తనానికి. ఎవరూ కొయ్యకుండా తొడిమకి ఎర్రపీలిక కట్టాను. మా అత్తగారు ఎలమంచిలి నుంచి తెచ్చిన రకం అది. దాచిన గింజలు పురుగు పట్టి పోయాయి. ఈ కాయ పోతే ఆ రకమే పోయినట్టు.

నా భార్య ఫ్లోరెన్స్‌కి ఐజాక్ అని తమ్ముడొకడు. పోర్టులో రిటైరై ఇప్పుడు గుడికి, అంటే మా చర్చికి, పెద్దయ్యాడు. గాజువాకలో వాడి మేడ మీద కుండీలో కరివేపాకు కూడా బతకదు. వ్యవసాయం గురించి మాత్రం వాడు చెప్తే మనం వినాలి.

కోతపండగ ఆదివారం గుడికి వెళ్లేసరికి, కానుకల బల్ల మీద గుమ్మడికాయల మధ్య నా కాయ ఉంది. పీలిక కూడా విప్పలేదు.

"పొద్దున్నే మీ పెరట్లోకొచ్చి కోసీసాను బావా. దేవుడికని గుర్తెట్టుకున్నావ్ కదా. నువ్వు నోరిప్పి సెప్పవు, నానే అర్థం సేసుకోవాల," అన్నాడు ఐజాక్.

"అది విత్తనానికిరా."

"దేవుడి కంటే విత్తనం ఎక్కువేటి?" పదిమందికీ వినపడేలా అన్నాడు.

బల్ల మీద పెట్టింది ఊరికే తీసుకోకూడదు, వేలంలో పాడుకోవాలి. పాస్టర్ దయానందంగారు కాయ ఎత్తి చూపించారు. నేను పాడాను. ఐజాక్ పైపాట పాడాడు. మళ్ళీ పాడాను. వాడూ పాడాడు. నా జేబు ఖాళీ అయిపోయింది. కాయ వాడిదైంది.

"మద్దినేల బోజనాల్లోకి ఇదే కూర. అందరికీ నా తరపున," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కాయ మీద గోరు గుచ్చి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఫ్లోరెన్స్ నన్ను మోచేత్తో పొడిచింది. "ముదిరిపోనాదని సెప్పొచ్చు కదా."

"అడిగితే సెప్తాను."

గుడి వెనక భోజనాల వంట చూసే కేథరిన్ కాయని కత్తిపీటకి పెట్టి నొక్కింది. జారింది. మళ్ళీ నొక్కింది. ఈసారి కత్తిపీట జరిగింది.

"గొడ్డలట్టుకురండి," అన్నాడు ఐజాక్.

చితక్కొట్టి డేగిసాలో పడేస్తే ఇక గింజ దక్కదు.

"గొడ్డలెందుకు అన్నా," అంది కేథరిన్. "రెండు తీగలు కట్టు, తంబూరా అవుతాది. క్వయర్లో వాయించుకుందువు."

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఐజాక్ కాయ తెచ్చి నా చేతుల్లో పడేశాడు. "నీ పాదే అలాటిది బావా. నీలాగే గట్టి. అవతల పారీ."

"అలాగే," అన్నాను.

ఇప్పుడది మా వంటింటి దూలానికి వేలాడుతోంది. ఊపితే గింజలు గలగలమంటాయి.

బావ ఆనపకాయలు తినడానికి పనికిరావని ఐజాక్ గుడిలో అందరికీ చెప్తున్నాడట. నేను దిద్దలేదు. చెప్పుకోనీ. వచ్చే ఏడు నా పందిరి జోలికి రాడు.