మూడో గొట్టం

మోటారు కాలిపోయి మూడు రోజులైంది. సుంకప్ప తెల్లవారినప్పటి నుంచి వీధి బోరింగు కొట్టి, రెండు చేతులా రెండు బిందెలతో మెట్లెక్కుతున్నాడు. మే నెల ఎండ మెట్ల మీదికి కూడా వస్తోంది. అరికాళ్లు కాలుతున్నాయి. మోకాలి చిప్పల్లో ఏదో ఇసుక పోసినట్టు కరకరమంటోంది.

వనజాక్షి ఎన్‌క్లేవ్‌లో నాలుగు అంతస్తులు, ముప్పై రెండు ఇళ్లు. లిఫ్టుకని గుంత తవ్వారు గానీ లిఫ్టు రాలేదు. ఆ గుంతలో ఇప్పుడు పాత టైర్లూ, విరిగిన కుర్చీలూ ఉన్నాయి. ఇళ్లు కొన్నప్పుడు మాత్రం అందరూ లిఫ్టుకు డబ్బు కట్టారు. కట్టించిన విష్ణువర్ధన్‌ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చదువుకున్నవాళ్లకు మొహమాటం ఎక్కువ. ఆ మొహమాటం మీదే ఊళ్లో సగం మేడలు లేచాయి.

మూడో అంతస్తులో ఇంద్రాణి తలుపు తీసుకుని గడపలోనే నిలబడి ఉంది. వెనకాల కంప్యూటరు వెలుగుతోంది.

"సుంకప్పా, నీళ్లు మళ్లీ పోద్దువు గానీ, నెట్టు పోయింది. తొమ్మిదికి పోయింది. ఇప్పుడు పన్నెండున్నర."

"ఫోను చేసినారామ్మా?"

"ఏడుసార్లు చేసినా. ఎత్తేదే లేదు."

నెట్టు పెట్టె మిద్దె మీద గదిలో ఉంటుంది. ఆ గదికి తాళం వేసింది రాఘవేంద్ర మనుషులు. రాఘవేంద్ర విష్ణువర్ధన్‌కు బావమరిది. ఊళ్లో సగానికి కేబులు అతనిదే, ఈ మేడకు ఇంటర్నెట్టూ అతనిదే. అతనిది తప్ప ఇంకొకరి తీగ ఈ గేటు దాటి రాలేదు.

ఇంద్రాణి భర్త పోయి రెండేళ్లయింది. ఆ అద్దె ఇంట్లో ఆమె, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంటారు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఎక్కడెక్కడి డాక్టర్ల మాటలు రికార్డు చేసి పంపిస్తుంది. చెవుల్లో పెట్టుకుని విని, టైపు చేసి ఆరు గంటల్లో తిరిగి పంపాలి. లైనుకు నలభై పైసలు. ఆలస్యమైతే పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది. మూడు గుర్తులు పడితే పని ఉండదు. ఆమెకు రెండు పడ్డాయి.

ఆమె టైపు చేసింది ఎక్కించిన సీడీ ఒకటి కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. టవర్ క్లాక్ దగ్గర నెట్ సెంటరుకు పరుగెత్తాలి. గంటకు ఇరవై రూపాయలు. చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తకుండా అంది.

"సుంకప్పా, వచ్చే నెల నుంచి మారెక్కను రావొద్దని చెప్పు. అంట్లు నేనే తోముకుంటా."

సుంకప్ప బిందె దించాడు. "ఏం తప్పు చేసిందమ్మా మా ఆడమనిషి?"

"తప్పేం లేదప్పా. నెట్టుకు ఏడొందలుండె. మొన్నటి నుంచి తొమ్మిదొందల యాభై చేసినారు. ఇయ్యకపోతే పీకేస్తారు. పీకేస్తే నాకు పనుండదు. మారెక్కకిచ్చే నూటయాభై ఆపితే గానీ కుదరదు."

"ఆ తీగకూ మేం తోమే బోకులకూ ఏం సమ్మందమమ్మా?" అన్నాడు సుంకప్ప. వేళాకోళం అనుకుని నవ్వబోయాడు.

ఇంద్రాణి నవ్వలేదు. ఇంట్లోకి వెళ్లి ఒక జిరాక్సు కాగితం తెచ్చింది. "బెంగళూరు కంపెనీ మన వీధి చివరి దాకా తీగ లాగింది. నెలకు నాలుగొందల యాభై. నిన్న వాళ్ల ఆఫీసుకు పోయి బతిమాలినా. ఇది చూపించినారు. చూడు."

ఇంగ్లీషు కాగితం. కింద తెలుగులో, వంకర టింకరగా, వేరుశనగ తీగ పాకినట్టు ఒక పేరు. కె. సుంకప్ప.

"నాదే," అన్నాడు. "ఏం రాసుండాదమ్మా దీంట్లో?"

"ఈ బిల్డింగులో తీగ పోయేదానికి దారి లేదు. అట్లని బిల్డింగు తరపున నువ్వు చెప్పినట్టు. సంతకం పెట్టినట్టు."

ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. బిందెలో నీళ్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

మూడు నెలల కిందటి మాట. విష్ణువర్ధన్ కారు దిగుతూ చెప్పి పోయాడు: "ఎవుడన్నా వైరు వాడొస్తే దారి లేదని చెప్పి పంపియ్ సుంకప్పా." మర్నాడే మెడలో బెంగళూరు కంపెనీ కార్డు వేసుకున్న ఒకతను వచ్చాడు. సుంకప్ప గేటు దగ్గరే అన్నాడు, "దారి లేదు సార్." సుంకప్ప ఊళ్లో ఆ మాటకు అర్థం వేరు. చేనికి అడ్డంగా వచ్చిన మనిషితో దారి లేదంటే, ఇటు కాదు, చుట్టు తిరిగి పో అని. ఆ మాటన్నవాడే చెయ్యి చాపి వేరే దారి చూపిస్తాడు కూడా. వచ్చినవాడు దాన్ని గోడలోనే దారి లేదని కాగితం మీద రాశాడు. రాసి, "వేలిముద్ర వేస్తావా?" అన్నాడు. అక్కడే సుంకప్ప మోసపోయాడు. రాత్రి బడిలో ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నది తన పేరొక్కటే. పదేళ్లయింది, దాన్ని రాయమని అడిగినవాడు లేడు. "వేలిముద్రేంటికి సార్, సంతకమే పెడతా" అని పెన్ను తీసుకుని, చెమట చెయ్యి చొక్కాకు తుడుచుకుని మరీ పెట్టాడు.

సుంకప్పది కంబదూరు దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట. వరసగా మూడేళ్లు శనక్కాయ విత్తనం కూడా తిరిగి రాకపోతే పెళ్లాంతో టౌనుకు వచ్చాడు. ఈ మేడకే ఇటుకలు మోశాడు. మేడ లేచాక ఇక్కడే వాచ్‌మన్ అయ్యాడు. నెలకు పదిహేను వందలు, మెట్ల కింద ఒక గది. ఆ గదిలో మంచం పడితే మనిషి పట్టడు, మనిషి పడితే మంచం పట్టదు.

ఇటుకలే కాదు, గొట్టాలూ మోశాడు. కింద మీటర్ల దగ్గర నుంచి మిద్దె దాకా గోడలో నిట్టనిలువునా మూడు గొట్టాలు. ఒకటి కరెంటుకు. ఒకటి రాఘవేంద్ర తీగలకు. మూడోది ఖాళీ. "ముందు ముందు పనికొస్తుంది, ఉండనీ" అన్నాడు మేస్త్రి. మిద్దె మీద, గదికి బయట, దాని పైమూతికి ఎలుకలు దూరకుండా ప్లాస్టిక్ కవరు కట్టింది సుంకప్పే.

మధ్యాహ్నం మారెక్కకు సంగతి చెప్పాడు. ఆమె సంగటి ముద్ద చేస్తూ వింది.

"నూటయాభై పాయె. పోతే పోనీలే. గమ్మునుండు."

"నా సంతకంతో పాయె కదమ్మే."

"నీ సంతకమేమన్నా కలెక్టరు సంతకమా? నువ్వు పెట్టకుంటే ఇంగొకడు పెట్టేవాడు. పెద్దోళ్ల గోడలు, పెద్దోళ్ల తీగలు. మనకేంటికి?"

సుంకప్ప ముద్ద తుంచి పట్టుకుని కూర్చున్నాడు. "మన బయ్యన్న మతికున్నాడా?"

"యా బయ్యన్న? మన చేను పక్కనోడా? వాడి నోరు మురికి కాలవే కదా."

"నోరు అట్లాంటిదే. మనకూ వానికీ పన్నెండేండ్లు మాటల్లేవు. గట్టు కాడ కొడవండ్లు ఎత్తుకున్న్యాము. ఐనా ఎప్పుడు మడక కట్టినా బండెడు దారి ఇడిచిపెట్టే దున్నినాడు. ఒక్క యేడన్నా మూసినాడా? నీళ్లియ్యకుండొచ్చు, నిప్పియ్యకుండొచ్చు, ఇంగొకని చేనికి బండిదారి మూసేవాడు మనిషి కాదనే కదా మన పక్క మాట. నేను మూసినా కదమ్మే. ముప్పై రెండిండ్లకు మూసినా."

"తిను. సల్లారిపోతాది," అంది మారెక్క.

సాయంత్రం ఇంద్రాణి వచ్చింది. సీడీలోని పని గంటన్నర ఆలస్యంగా చేరింది. కంపెనీ వాళ్లు ఈసారికి గుర్తు వేయలేదు గానీ ఇదే ఆఖరని చెప్పారు. "ఆదివారం మీటింగులో అడుగుతా," అంది. "ఇల్లు నాది కాదు, అద్దెదాన్నంటారు. ఐనా అడుగుతా."

ఆదివారం పది గంటలకు మేడ ముందు ఆరుబయట కార్లు నిలిపే చోట కుర్చీలు వేశారు. వేసింది సుంకప్పే. ముప్పై మంది దాకా వచ్చారు. విష్ణువర్ధన్ తెల్ల చొక్కాతో, అందరినీ పేరుపేరునా పలకరిస్తూ వచ్చాడు. ఈ యేడు మున్సిపాలిటీ ఎన్నికలున్నాయి, వార్డుకు అతను నిలబడతాడని ఊరంతా అనుకుంటోంది. అతని పక్కన రాఘవేంద్ర సెల్‌ఫోను నొక్కుకుంటూ కూర్చున్నాడు.

ఇంద్రాణి లేచి చెప్పింది. బెంగళూరు కంపెనీ సగం ధరకే ఇస్తానంటోంది, బిల్డింగు వాళ్లు కాగితమిస్తే వారంలో తీగ వేస్తారు, అంతే.

కింది అంతస్తు రామసుబ్బమ్మ, రిటైరైన టీచరు, అందుకుంది. "మా ఇంట్లో ఏ పప్పు వండాలనో నువ్వు చెప్తావా నాయనా విష్ణూ? ఎవురిది బాగుంటే వాళ్లది పెట్టుకుంటాం. ఈయన నెట్టు పొద్దున వస్తే మాపు ఉండదు, కొత్తల్లుని మాదిరి."

అందరూ నవ్వారు. రాఘవేంద్ర కూడా నవ్వాడు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది విష్ణువర్ధన్.

"టీచరమ్మా, నేను వద్దంటానా? పది కంపెనీలు తెచ్చుకోండి. నాకేం నష్టం? కానీ గోడలో దారుండాల కదా. పగలగొడితే మీ ఇండ్లే కదా బీటలిచ్చేది."

నెలనెలా ఇంటికి రెండు వందల చొప్పున బావమరిది తనకు ముట్టజెప్పేది అతను చెప్పలేదు. పెద్దవాళ్లు వద్దనే మాట తమ నోటితో అనరు. అనడానికి వాచ్‌మన్లు ఉంటారు.

"ఏమప్పా సుంకప్పా! ఇట్ల రా," అని పిలిచాడు. "ఈ బిల్డింగు పునాది కాడ్నించి ఉన్నోడు ఈయప్ప. నా మాట నమ్మొద్దు, ఈయప్పనే అడగండి. సుంకప్పా, గొట్టాలన్నీ సిమెంటుతో పూడిపోయినాయని రాసి తెచ్చినా. మళ్లీ ఎవురూ అనుమానపడకుండా సంతకం పెట్టు."

తెలుగులోనే టైపు చేసిన కాగితం. పెన్ను మూత కూడా అతనే తీసి ఇచ్చాడు.

సుంకప్ప కాగితం వైపు చూడలేదు. జనం వైపు చూశాడు. బ్యాంకులో పనిచేసేవాళ్లు, కోర్టులో పనిచేసేవాళ్లు, లెక్చరర్లు. నీళ్లు మోసిన ఇళ్లవాళ్లందరూ. మెట్ల కింది గది వాకిట్లో మారెక్క చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురాడొద్దని తల ఊపుతోంది.

"పెట్టను సార్," అన్నాడు.

"ఏందీ?"

"పోయినసారి తెలీక పెట్టినా. ఈపొద్దు తెలుసు. మూడో గొట్టం ఖాళీగుండాది. నేనే మోసినా దాన్ని."

విష్ణువర్ధన్ ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, కళ్లలో లేదు. "యేండ్ల కిందటి మాట. తర్వాత ప్లాస్టరింగులో పూడిపోయింది. నువ్వు లోపలికి దూరి చూసినావా?"

"లేదు సార్."

"మరి?" అన్నాడు అతను జనం వైపు తిరిగి. ఎవరో కిసుక్కుమన్నారు. అతను గొంతు తగ్గించాడు. "మాపుటికల్లా రూము ఖాళీ చెయ్. తిన్న ఇంటికి..." మిగతాది మింగాడు, ఓట్లున్న జనం కదా.

మోటారు బాగు చేయించమని అడగాలనుకున్నవాళ్లు కూడా చేతులు దించుకున్నారు. రామసుబ్బమ్మ "అయ్యో, అదేంది విష్ణూ..." అని సగంలో ఆగింది. ఇంద్రాణి పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఆమె ఇంటి ఓనరు రెండు కుర్చీల అవతలే ఉన్నాడు, ఆమెనే చూస్తున్నాడు.

సుంకప్ప పెన్ను కాగితం మీద పెట్టి, అది దొర్లకుండా సరిచేసి, గేటు పక్కన కంకర కుప్పలోంచి ఉసిరికాయంత రాయి ఒకటి ఏరుకున్నాడు.

"యాడికి పోతాండావు?" అన్నాడు రాఘవేంద్ర లేస్తూ.

"మిద్దె మీదికి. పైనుంచి ఇడుస్తా. పూడింటే నడమ నిలబడిపోతాది. నేను అబద్ధమాడినట్టే. లేకుంటే ఆ మీటర్ల కాడికొచ్చి పడతాది. అందరూ ఈడే ఉండండి సార్."

ఆపేవాళ్లు ఆపకముందే మెట్లెక్కాడు. కింద అందరి చెవులకూ అతని అడుగులు వినిపించాయి. మొదటి అంతస్తు, రెండు, మూడు. మూడో అంతస్తులో ఒకసారి ఆగి, మళ్లీ మొదలయ్యాయి. తర్వాత వినబడలేదు.

మీటర్ల కింద గోడలోంచి జానెడు పొడుచుకుని వచ్చిన గొట్టాల్లో మూడోదాని మూతికి సాలెగూడు పట్టి ఉంది. ముప్పై మంది దాన్నే చూస్తున్నారు. విష్ణువర్ధన్ మాత్రం గడియారం చూసుకున్నాడు.

గోడలో ఏదో గీరుకున్నట్టు సన్నగా మొదలైంది. లోపల తగిలి, తప్పించుకుని, మళ్లీ తగిలి, గోడ పొడుగునా దిగింది. నడుమ ఒక్క క్షణం ఆగినట్టే అయింది. తర్వాత ఎర్రటి దుమ్ముతో, చిరిగిన సాలెగూడుతో, రాయి వచ్చి బండల మీద పడింది. రెండుసార్లు ఎగిరి, విష్ణువర్ధన్ బూటుకు మూరెడు దూరంలో ఆగింది.

అతను కాలు చాపి దాని మీద బూటు పెట్టాడు. అందరూ చూశారు. బ్యాంకాయన కూతురిని పిలిచి ఎండలో నిలబడొద్దన్నాడు.

మిద్దె అంచు మీంచి సుంకప్ప తల కనిపించింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంత ఎత్తు నుంచి అతనికి ముప్పై నడినెత్తులు తప్ప ముఖాలు కనబడవు.

"వచ్చిందా సార్?" అని అరిచాడు.

కుర్చీలు కదిలాయి. ఒకరిద్దరు లేచి మెట్ల వైపు నడిచారు.

"అమ్మా, ఇంద్రాణమ్మా! మీరన్నా చెప్పండమ్మా. వచ్చిందా?"

ఇంద్రాణి నోరు తెరిచింది. ఆమె చూపు ఓనరు మీదికి పోయింది, అక్కడి నుంచి ఆ బూటు మీదికి దిగింది.